రాక్షసి బొగ్గు పద్దు



మన పెద్దవాళ్ళు బొగ్గును రెండు రకాలుగా చెప్పేవారు. కట్టె కాల్చి ఆర్పితే వచ్చేది కట్టెబొగ్గు. నేల తవ్వితే వచ్చేది రాక్షసి బొగ్గు. చంద్రపూర్, బల్లార్షా వైపు స్థిరపడిన మనవాళ్ళు ఇంట్లో బొగ్గు అంటారు, బజారులో మరాఠీ వారితో ‘దగడీ కోళసా’ అంటారు. అంటే రాతి బొగ్గు. మరాఠీ పేరు దాని రూపాన్ని చెబుతుంది. తెలుగు పేరు దాని స్వభావాన్ని చెబుతుంది. ఈ రాక్షసుడు నూట యాభై ఏళ్ళుగా మన ఇళ్ళలో దీపం వెలిగించాడు, రైలు లాగాడు, లక్షల మందికి అన్నం పెట్టాడు. బదులుగా ఏం తీసుకున్నాడు? రాబడి ఒకవైపు, ఖర్చు ఒకవైపు వేసి ఆ పద్దును ఈ రోజు చూద్దాం.

ముందు ఈ బొగ్గు ఉన్న చోటు తెలుసుకోవాలి. మహారాష్ట్రలో వరోరా, చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా. అక్కడి నుంచి వార్ధా, ప్రాణహిత నదుల వెంట కిందికి దిగితే బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి. ఇంకా కిందికి వస్తే కొత్తగూడెం, ఇల్లెందు. పటం మీద వేలు పెట్టి గీస్తే వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒకే పట్టీలా కనబడుతుంది. ఆ పట్టీకి రాష్ట్రాల సరిహద్దులు తెలియవు. సరిహద్దులే దాని మీద అటూ ఇటూ జరిగాయి. రాజురా తాలూకా నిజాం కాలంలో ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 1956లో నాందేడ్ జిల్లాకు, 1959లో చాందా జిల్లాకు మారింది. ఆ చాందాయే 1964 నుంచి చంద్రపూర్. సిరొంచ 1874 దాకా ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్య పట్టణం. తర్వాత చాందాలో కలిసింది, 1982లో గడ్చిరోలీ జిల్లాలోకి వెళ్ళింది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు. కచేరీ భాష మారింది, కాళ్ళ కింద బొగ్గు మారలేదు.

ఆ బొగ్గు వయసెంత? సుమారు ఇరవై అయిదు కోట్ల సంవత్సరాల పైమాట. అప్పటికి ఇండియా ఇక్కడ లేదు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి దక్షిణాన ఒకే భూఖండంగా ఉండేది. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. ఈ మాట మన పక్క అడవిలోదే. గోండు రాజుల సీమ పేరు మొదట ఇక్కడి రాతిపొరలకు పెట్టారు, తర్వాత భూఖండమంతటికీ అదే స్థిరపడింది.

ఇంకొక విచిత్రం చూడండి. పెన్‌గంగ, వార్ధా కలిసే చోటికి దగ్గరగా ఇరాయి అనే ఊరుంది. 1870లలో ఫెడెన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడ నున్నగా అరిగి, గీతలు పడిన బండలు చూశాడు. అలాంటి గీతలు హిమానీనదాలు, అంటే కదిలే మంచుగడ్డలు, రాళ్ళను ఒరుసుకుంటూ పోయినప్పుడు పడతాయి. దేశంలో వేసవికి నిప్పులు చెరిగే జిల్లాల్లో చంద్రపూర్ ఒకటి. అక్కడ ఒకప్పుడు మంచు పేరుకుని ఉండేదన్నమాట. ఆ మంచు కరిగాక చిత్తడి అడవులు పెరిగాయి. గ్లోసోప్టెరిస్ అనే చెట్లు, నాలుక ఆకారపు ఆకులతో, కోట్ల ఏళ్ళు పెరిగి, పడి, బురదలో కూరుకుపోయాయి. మీద మట్టి పేరుకుంది. ఒత్తిడికి, వేడికి అదే బొగ్గయింది. గనుల దగ్గర దొరికే పలకరాళ్ళను చీలిస్తే ఆ ఆకుల అచ్చులు నేటికీ కనబడతాయి. మా బడిపిల్లల చేతిలో అలాంటి పలక పెడితే, ఎవరో చెక్కారనుకుంటారు.

కాబట్టి బొగ్గంటే రాయి కాదు, పాతిపెట్టిన అడవి. ఆ చెట్లు గాలిలోంచి పీల్చిన కర్బనాన్ని, ఆనాటి ఎండను భూమి అడుగున దాచిపెట్టాయి. పద్దులో మొదటి వరుస ఇది. అసలు ధనం మనం సంపాదించింది కాదు.

ఇక మనిషి కథకు వద్దాం. మన దేశంలో తొలినాటి రైళ్ళు చాలాచోట్ల కట్టెలతోనే నడిచాయి. ఇంజనుకు కట్టె, పట్టాల కింద స్లీపర్లకు కట్టె. అడవులు తరిగిపోతున్నాయని ప్రభుత్వం గ్రహించి 1864లో అటవీ శాఖను పెట్టింది. అలాంటి సమయంలో బొగ్గు దొరకడం అడవికి ఊరట అనే చెప్పాలి. ఈ సంగతి మనం మరచిపోకూడదు. మొదట్లో బొగ్గు అడవికి శత్రువు కాదు.

వరోరాలో ప్రభుత్వమే 1870లలో గని తెరిచింది. వార్ధా నుంచి వరోరాకు రైలు మార్గం వేసింది. వెళ్ళే బండిలో బొగ్గు, దానితోపాటు హింగన్‌ఘాట్ పత్తి. ముప్పై ఏళ్ళకు పైగా ఆ గని నడిచింది. 1906లో మూతపడింది. పని బల్లార్‌పూర్ వైపు జరిగింది. గని మూసిన నాడు తవ్విన భూమి సంగతేమిటి, పని పోయిన మనుషుల సంగతేమిటి అని అడిగే చట్టం అప్పటికి లేదు.

ఇదే రోజుల్లో నిజాం రాజ్యంలో మరో కథ మొదలైంది. భద్రాచలం వెళ్ళే యాత్రికులు ఇల్లెందు దగ్గర ఆగి, నల్లరాళ్ళను పొయ్యిరాళ్ళుగా పెట్టి వంట చేస్తే, రాళ్ళే అంటుకున్నాయని సింగరేణి ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. ప్రభుత్వ భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఆ బొగ్గును శాస్త్రీయంగా గుర్తించాడు. పక్కనున్న సింగరేణి గ్రామం పేరు గనులకు స్థిరపడింది.

బొగ్గు ఉంటే చాలదు, దాన్ని మోసుకుపోయే రైలు కావాలి. హైదరాబాదు నుంచి చాందా వైపు రైలు వేయాలన్న పథకం వచ్చింది. ఇంగ్లండులో కంపెనీ పెడతారట, దానికి వడ్డీ హామీ నిజాం ఖజానా ఇస్తుందట. ఆ షరతులేమిటో మామూలు ప్రజలకు చెప్పలేదు. 1883లో హైదరాబాదు పౌరులు కొందరు కూడి, “ఒప్పందం వివరాలు బయటపెట్టండి, మేము చదివి మా అభిప్రాయం చెబుతాం” అని అడిగారు. వారిలో ముఖ్యుడు నిజాం కళాశాలతో సంబంధమున్న విద్యావేత్త అఘోరనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడు తండ్రి ఆయన. మరొకరు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. లెక్క చూపమన్నందుకు అఘోరనాథ్ గారిని రాజ్యం నుంచి పంపించేశారు. చాందా రైలు ఆందోళన అని చరిత్రలో దానికి పేరు. హైదరాబాదులో ప్రజలు ప్రభుత్వాన్ని జవాబు అడిగిన తొలి సందర్భాల్లో అది ఒకటి.

వాళ్ళ అనుమానం ఒట్టిది కాదని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందింది. కంపెనీ వాటాల పంపకంలో గోల్‌మాల్ జరిగిందని గగ్గోలు పుట్టింది. నిజాం కొలువులోని పెద్ద అధికారి అబ్దుల్ హక్‌ను పదవి నుంచి తప్పించారు. 1888లో లండన్‌లో పార్లమెంటు దిగువసభ సంఘం వేసి విచారణ చేసింది. గమనించండి. గంపెడు బొగ్గు గట్టుకు రాకముందే, దాని మీద వాటాలు చేతులు మారాయి. పద్దులో రెండో వరుస ఇది. బొగ్గు ఇక్కడ, లెక్క పుస్తకం మరెక్కడో.

1889లో ఇల్లెందులో బొగ్గు తీయడం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ అనే పేరుతో కంపెనీ ఏర్పడింది. 1920ల చివర్లో కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు పడింది. ఆ దారిని పట్టుకుని బెల్లంపల్లి వైపు గనులు పెరిగాయి. 1945లో హైదరాబాదు ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొనేసింది. దేశంలో మిగతా బొగ్గు గనులు 1971, 1973 సంవత్సరాల్లో జాతీయమయ్యాయి. వార్ధా లోయలోని గనులు నాగపూర్ కేంద్రంగా ఉన్న వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కిందికి వచ్చాయి.

ఆ రోజుల్లో పని ఎలా ఉండేదో పాత కార్మికులను అడగండి. తట్టా, చెమ్మసూ అని చెబుతారు. చెమ్మసుతో బొగ్గు ఎత్తి తట్టలో పోసి, తట్ట నెత్తిన పెట్టుకుని టబ్బు దాకా మోయడం. పై కప్పు ఎప్పుడు కూలుతుందో తెలియదు. నీళ్ళు ఎప్పుడు విరుచుకు పడతాయో తెలియదు. యంత్రాలు వచ్చాక కూడా ఆ భయం పోలేదు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని ఏడవ ఎల్.ఈ.పీ. గనిలోకి నీళ్ళు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు మరణించారు. ప్రమాదం లేని రోజున దుమ్ము ఉండనే ఉంది. బొగ్గుధూళి ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. న్యుమోకోనియోసిస్ అంటారు. గనుల చట్టం గుర్తించిన వృత్తి రోగం అది.

1970ల నుంచి ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాయి. లోపలికి దిగి బొగ్గు తెచ్చే బదులు, పైనున్న నేలంతా పెళ్ళగించి బొగ్గును ఎత్తుకోవడం. కప్పు కూలే ప్రమాదం తప్పింది, ఉత్పత్తి పెరిగింది. ఎంత పెరిగింది? సింగరేణి తొలి ఏడాది ఉత్పత్తి అరవై వేల టన్నుల దరిదాపు. 2023–24లో ఏడు కోట్ల టన్నులు. అంటే తాతలు ఒక ఏడాదంతా తీసిన బొగ్గు నేడు దాదాపు ఒక షిఫ్టులో బయటికి వస్తోంది. అందులో పదింట తొమ్మిది పాళ్ళ దాకా ఓపెన్‌కాస్ట్‌దే. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఉత్పత్తి కూడా ఇంచుమించు అంతే.

కాని మనుషుల సంఖ్య చూడండి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులు ఉండేవారు. ఇప్పుడు నలభై వేల చిల్లర. బొగ్గు పెరిగింది, బొగ్గు పెట్టే అన్నం తగ్గింది.

నేల మాటకు వద్దాం. ఓపెన్‌కాస్ట్‌లో ఒక టన్ను బొగ్గుకు చాలాచోట్ల నాలుగు నుంచి ఆరు ఘనమీటర్ల మట్టి, రాయి ఎత్తిపోయాలి. అది గని పక్కన గుట్టలవుతుంది. వార్ధా, ఇరాయి నదుల ఒడ్డున మీరు రైలులో పోతుంటే చదునుగా కోసినట్టుండే ఆ గుట్టలు కనబడతాయి. అవి దేవుడు పెట్టిన కొండలు కావు. వానకు వాటి మట్టి జారి వాగుల్లో చేరుతుంది, వాగు లోతు తగ్గుతుంది, వరద పొలాల మీదికి వస్తుంది. గనిలో ఊరే నీటిని పంపులతో తోడేస్తూ ఉంటే చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం పడిపోతుంది. పేలుళ్ళకు గోడలు బీటలు వారుతాయి.

బొగ్గు కాల్చాక కథ ముగియదు. మన గోండ్వానా బొగ్గులో బూడిద ఎక్కువ. వంద కిలోలు కాలిస్తే ముప్పై నుంచి నలభై అయిదు కిలోల దాకా బూడిద మిగులుతుంది. చంద్రపూర్‌లో 1980లలో మొదలైన థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం నేడు 2920 మెగావాట్లు. దాని బూడిద పోయడానికి పెద్ద పెద్ద బూడిద చెరువులు కావలసి వచ్చాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలను కొలిచి మార్కులు వేసింది. ఎక్కువ మార్కులంటే ఎక్కువ కాలుష్యం. చంద్రపూర్‌కు 83.88 వచ్చాయి, దేశంలో నాలుగో స్థానం. బరంపురం వైపు వింటున్న శ్రోతలు తెలుసుకోవలసింది, ఒడిశాలోని అంగుల్–తాల్చేరు బొగ్గు ప్రాంతం కూడా అదే జాబితాలో 82 మార్కులతో పక్కనే ఉంది. అక్కడిదీ గోండ్వానా బొగ్గే.

ఇక కంటికి కనబడని ఖర్చు. బడిలో మనం బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నాం, జ్ఞాపకం ఉందా? అదే కార్బన్ డయాక్సైడ్. దాని లెక్క ఇంటి ఫ్యానుతో చెప్పుకుందాం. డెబ్బయి అయిదు వాట్ల ఫ్యాను పదమూడు గంటలు తిరిగితే ఒక యూనిట్ కరెంటు. ఆ యూనిట్ బొగ్గుతో పుడితే ముప్పావు కిలో దరిదాపు బొగ్గు కాలుతుంది. పావుకిలో బూడిద మిగులుతుంది. దాదాపు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ముప్పావు కిలో బొగ్గు కిలో వాయువు ఎలా అయిందని పిల్లలు అడుగుతారు. కాలేటప్పుడు బొగ్గులోని కర్బనం గాలిలోని ప్రాణవాయువును కలుపుకుంటుంది, అందుకే బరువు పెరుగుతుంది.

ఆ వాయువు భూమికి దుప్పటి కప్పినట్టు వేడిని పట్టి ఉంచుతుంది. ఈ సంగతి నిన్నమొన్న కనిపెట్టింది కాదు. వరోరా గని నడుస్తున్న రోజుల్లోనే, 1896లో, స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరీనియస్ కాగితం మీద లెక్కగట్టి చెప్పాడు. బొగ్గు యుగానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల పాళ్ళలో 280 పాళ్ళు ఉన్న ఆ వాయువు నేడు 420 దాటింది. భూమి సగటు వేడి సుమారు ఒకటింబావు డిగ్రీలు పెరిగింది. ఇరాయి బండల మీద మంచు గీతలు చూసినవారు, వాతావరణం ముందు కూడా మారిందిగదా అనవచ్చు. మారింది, నిజమే. అది కోట్ల ఏళ్ళ మీద మారింది. మనం చెట్లు కోట్ల ఏళ్ళలో దాచిన దాన్ని నూట యాభై ఏళ్ళలో తిరిగి గాలిలోకి వదిలాం. తేడా అక్కడుంది.

అయితే బొగ్గు వద్దని ఒక్కమాటలో అనేద్దామా? అనలేం. ఈ మాటలు మీకు వినిపిస్తున్న కరెంటులో కూడా బొగ్గు వాటా ఉంది. మన దేశంలో నేటికీ విద్యుత్తులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది. గని జీతంతో చదువుకున్న పిల్లలు మా బడిలో ఎందరో ఉన్నారు. సౌర విద్యుత్తు, గాలి విద్యుత్తు పెరుగుతున్నాయి. సింగరేణి సంస్థే సౌర ఫలకాలు పెట్టింది. మార్పు వస్తుంది. మన ప్రశ్నల్లా, ఆ మార్పు వచ్చేనాటికి గుంతలు ఎవరు పూడుస్తారు, బావుల్లో నీళ్ళు ఎవరు తెస్తారు, గని మీద బతికిన ఊళ్ళకు మరో పని ఎవరు చూపుతారు అన్నదే. 1906 నాటి వరోరా లాగా తాళం వేసుకుని పోతే కుదరదు.

ఈనాడు మన చేతిలో కొన్ని ఆధారాలున్నాయి. ఒకటి, 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం పెద్ద గని తెరవాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. కొన్ని విస్తరణలకు మినహాయింపులు ఇచ్చారు, అందుకే మినహాయింపు ఎందుకని కూడా అడగాలి. రెండు, 2009లో కేంద్ర బొగ్గు శాఖ ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలని, దాని ఖర్చు ముందుగానే విడి ఖాతాలో జమ కావాలని నిబంధన పెట్టింది. మూడు, 2015 చట్టంతో ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. గని వల్ల నష్టపడిన ఊళ్ళలో తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం కోసం ఆ సొమ్ము ఖర్చు పెట్టాలి. మీ ఊరికి ఎంత వచ్చిందో, దేనికి పోయిందో గ్రామసభలో అడగవచ్చు.

అడిగితే ఫలితం ఉంటుందా అన్న సందేహం సహజం. తాడోబా పులుల అడవిని ఆనుకుని లోహారాలో బొగ్గు తవ్వే ప్రతిపాదన వచ్చినప్పుడు చంద్రపూర్ ప్రజలు గట్టిగా వ్యతిరేకించారు. 2009లో కేంద్ర పర్యావరణ శాఖ ఆ ప్రతిపాదనను ముందుకు పోనివ్వలేదు. అన్నిసార్లూ అలా జరగదు. అడగకపోతే మాత్రం ఎప్పుడూ జరగదు.

సరిహద్దులో ఉన్న మనకు ఒక ఇబ్బంది ఉంది. నోటీసు ఒక భాషలో వస్తుంది, మన ఇంటి పెద్దలకు మరో భాష వస్తుంది. చంద్రపూర్‌లో మరాఠీ, తాల్చేరులో ఒడియా, గోధుమరంగు లిగ్నైట్ బొగ్గు తవ్వే నైవేలీలో తమిళం. రెండు భాషలూ చదివే పిల్లలు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఆ కాగితం వాళ్ళ చేత పెద్దలకు చదివించండి. ఊరి పేరు, సర్వే నంబరు, నీటి లెక్క, మూసివేత ఖర్చు, ఈ నాలుగూ చూడమనండి.

1883లో లెక్క చూపమన్నందుకు ఒక పెద్దమనిషిని ఊరు దాటించారు. నేడు లెక్క చూపమని అడగడం మన హక్కు. రాక్షసి బొగ్గు పద్దులో రాబడి వరుస ఎప్పుడో నిండిపోయింది. ఖర్చు వరుసలో మన నది, మన నేల, మన ఊపిరి ఉన్నాయి. వాటిని రాయించవలసింది మనమే.